ఆష్‌బీ వారి ఇంటి మూలం

మన రాష్ట్రంలో ఇంటిపేర్ల కోసం ఒక ప్రభుత్వ మండలి ఉందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు నమ్మరు. నమ్మాల్సిన ఖర్మ పట్టినవాళ్ళు మా వరండాలో బెంచీల మీద కూర్చుని ఉంటారు. నేను ఆ మండలిలో సూపరింటెండెంటుని. కాబట్టి నేను చెప్పేది మీరు నమ్మినా నమ్మకపోయినా నా జీతం ఆగదు.

మండలి ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. కార్తీకమాసం రాగానే ఒకే ఇంటిపేరు వాళ్ళంతా ఏదో ఒక తోటలో చేరి, ఫ్లెక్సీలు కట్టి, భోజనాలు చేసి, తమ వంశం ఎంత గొప్పదో మైకులో ఒకరికొకరు చెప్పుకునే సరదా ముదిరిపోయిన రోజులవి. ప్రభుత్వంలో పలుకుబడి ఉన్న ఒక పెద్దాయన అలాంటి వనభోజనానికి వెళ్ళారు. గారెలు తిన్నారు, శాలువా కప్పించుకున్నారు, వంశవృక్షంలో తన కొమ్మ ఎక్కడుందని అడిగారు. ఎంత వెతికినా దొరకలేదు. ఇంటిపేరు ఒకటేగాని ఊళ్ళు వేరనీ, ఆయన వెళ్ళాల్సిన తోట పక్కదనీ తేలింది. కప్పిన శాలువాని అడగలేక అడిగి వెనక్కి తీసుకున్నారట. ఆ అవమానంలోంచి పుట్టింది 'ఇంటిపేర్ల మూలనిర్ధారణ, పరిరక్షణ, ధ్రువీకరణ మండలి'. పెద్దాయన దానికి అధ్యక్షులయ్యారు.

మండలి చేసిన మొదటి నిబంధన ఇది: వధూవరుల ఇంటిపేర్ల మూలాన్ని మండలి ధ్రువీకరించనిదే ఎవరూ పెళ్ళి జరిపించరాదు. ఒకే ఇంటిపేరు గలవారు సోదరీసోదరులుగా పరిగణింపబడుదురు. పెళ్ళి చూపుల్లో బామ్మలు అడిగే ప్రశ్నే ఇది. బామ్మలకు జీతం ఉండదు, మాకు ఉంటుంది. అంతే తేడా.

మా డైరెక్టరుగారు రావిపాటి సత్యవ్రతంగారు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఇంట్లో ఉప్మాలో ఉప్పు తగ్గినా 'ఈ విషయము మా దృష్టికి వచ్చినది' అనే రకం. ఆయన భార్య హైమవతిగారు ఈ భాషతో చాలా ఏళ్ళుగా కాపురం చేస్తున్నారు.

ఆయన గదిలోకి ఒకరోజు ముగ్గురు వచ్చారు. ముందు ఒక ముసలావిడ, ఆవిడ వెనక కూతురు, కూతురికి రెండడుగుల దూరంలో ఒక మగమనిషి. కూతురికీ అతనికీ ఇద్దరికీ చెంపలు నెరుస్తున్నాయి.

"పేర్లు?" అన్నారు డైరెక్టరుగారు.

"ఆష్‌బీ కరుణకుమారండి. లాకులపేట ఆసుపత్రిలో నర్సునండి. ఈవిడ మా అమ్మండి, సువార్తమ్మ. ఆయన సంసోనండి. కాలవ లాకుల దగ్గర లస్కరండి. పడవలొచ్చినప్పుడు తలుపులు తీసేదీ వేసేదీ ఆయనేనండి."

"సంసోను ఇంటిపేరు?"

"ఆష్‌బీ అండి," అన్నాడతను.

డైరెక్టరుగారు కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఎవరి పెళ్ళో ఆగిందన్నమాట.

"ఏకగృహనామము. సోదరీసోదరులు. అనుమతి లేదు. తరువాతివారు."

"గుళ్ళో మూడు ఆదివారాలు ప్రకటన చదివేరండీ," అన్నాడు సంసోను. "ఎవరికన్నా అభ్యంతరముంటే లేచి నిలబడి చెప్పండని పాదిరిగారు అడిగేరండి. మా పేటలో ఒక్కరూ లేవలేదండి."

"మండలికి అభ్యంతరము ఉన్నది."

సువార్తమ్మ కుర్చీ ఎవరూ చూపించకపోయినా కూర్చుంది. "ఇదిగో బాబూ, నేను సెప్తాను ఇను. ఎప్పుడో మా పెద్దోళ్ళ కాలంలో ఆష్‌బీ దొరని ఒక ఇంజినీరు కాలవ తవ్వించేడంట. అప్పుడే కరువొచ్చి ఎక్కడెక్కడి జనమో కూలికొచ్చి పడ్డారు. మా ఆయన తాతల్ది శ్రీకాకుళం అవతల. ఈ సంసోనోళ్ళది కర్నూలు వైపు. మేస్త్రీకి ఎవరి పేరు తెలుసు? 'ఆష్‌బీ దొర మనుషులు, ఇటు రండి' అని కేకేసేవోడంట. కాలవ అయిపోయింది, దొర ఎల్లిపోయేడు, జనం ఆ గట్టు మీదే ఉండిపోయేరు. పిల్లల్ని బళ్ళో ఏస్తే మేష్టారు ఇంటిపేరేంటన్నారు. అదే సెప్పేరు. మా పేటంతా ఆష్‌బీలే బాబూ. అందరం అన్నాసెల్లెళ్ళమైతే ఈ పాటికి పేట ఖాళీ అయిపోను."

"నోటిమాట చరిత్ర కానేరదు," అన్నారు డైరెక్టరుగారు.

"రాసినోళ్ళు మాత్రం ఎవరి నోటంట ఇన్నారు బాబూ?"

దానికి మా నిబంధనల్లో సమాధానం లేదు. అందుకని దరఖాస్తును 'లోతైన పరిశీలనకు' తీసుకున్నారు. బయటికి వచ్చాక కరుణకుమారి వరండాలో నన్నడిగింది, "ఎన్నాళ్ళు పడుతుందండీ? నాన్న పోయాక తమ్ముళ్ళిద్దరూ ఒడ్డున పడేదాకా ఆగమన్నానండి. ఆగేడండి. ఇప్పుడు తమరు కూడా ఆగమంటే మరీ బాగోదు కదండీ."

సంసోను గోడ వంక చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ఆగిన మనిషి మొహంలో ఆ ఓపిక కనిపించి నాకు సిగ్గేసింది. తొందరగానే అవుతుందమ్మా అన్నాను. ప్రభుత్వంలో అందరం అదే అంటాం.

లోతైన పరిశీలన మొదలైంది. డైరెక్టరుగారి సిద్ధాంతం తేలిక. ఇంటిపేరంటే ఊరు. మన రావిపాటి వారికి రావిపాడు, వేములపల్లి వారికి వేములపల్లి ఉన్నట్టే ఆష్‌బీ వారికి ఆష్‌బీ అనే ఊరు ఉండి తీరాలి. వాకబు చేస్తే నిజంగానే ఉంది, ఇంగ్లండులో. ఒకటి కాదు, బోలెడు ఉన్నాయి. స్థలపరిశీలన అనివార్యమని ఆయన నోటు రాశారు. అధ్యక్షులవారు సంతకం పెట్టారు. ఫైలు మోయడానికి నన్ను కూడా రమ్మన్నారు.

ప్రయాణం ముందు హైమవతిగారు నాకు ఫోన్ చేశారు. పెళ్ళయిన కొత్తల్లో లండన్ చూపిస్తానని ఈయన మాటిచ్చారట. "సూపరింటెండెంటుగారూ, కుటుంబసభ్యుల్ని తీసుకెళ్ళకూడదని నిజంగా రూలుందా?"

"ఉందమ్మా."

"ఎవరు రాశారు?"

"అయ్యగారేనమ్మా. పోయిన వారం."

"అలాగా," అని పెట్టేశారు. ఆ 'అలాగా' నాకు విమానంలో కూడా వినబడుతూనే ఉంది.

మొదటి ఆష్‌బీలో వాన పడుతోంది. ఒక చర్చి, కొన్ని ఇళ్ళు, గడ్డి మేస్తూ మమ్మల్ని పట్టించుకోని గొర్రెలు. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దావిడ కనబడితే, ఈ ఊళ్ళో ఆష్‌బీ ఇంటిపేరు వాళ్ళు ఎవరున్నారని అడిగాం. ఎవరూ లేరంది.

"ఇది ఆష్‌బీయే కదా?" అన్నారు డైరెక్టరుగారు.

"అవును. అందుకే లేరు," అంది ఆవిడ నవ్వుతూ. "ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మనిషిని ఆష్‌బీవాడని ఎవరు పిలుస్తారు? అందరూ ఆష్‌బీవాళ్ళే కదా. ఊరు విడిచి వేరే చోటికి పోయినవాడికి అక్కడివాళ్ళు పెట్టే పేరు అది."

ఆవిడ చెప్పింది నాకు సువార్తమ్మ చెప్పినట్టే వినబడింది. డైరెక్టరుగారు మాత్రం 'స్థానికులు సహకరించలేదు' అని రాసుకుని, చర్చి పక్కన గుప్పెడు మట్టి తీసి కవర్లో వేశారు. రెండో ఆష్‌బీలోనూ ఆష్‌బీలు లేరు. మూడోదాంట్లో కూడా లేరు. ప్రతిచోటా మట్టి మాత్రం ఉంది. తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఆ కవర్ల గురించి చాలా సేపు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ చర్చిల్లో ఒకదాని పాదిరిగారు పేరుకు అర్థం కూడా చెప్పారు. ఆష్ అనేది ఒక చెట్టు. బీ అంటే సముద్రం దాటి వచ్చి అక్కడ స్థిరపడ్డ పాతకాలపు వాళ్ళ భాషలో ఊరు. డైరెక్టరుగారి మొహం వెలిగింది. "అనగా మన పల్లి, మన పాడు!" అన్నారు. ఆ పాదిరిగారికి ఏమీ అర్థం కాలేదు, అయినా చెయ్యి కలిపారు.

వచ్చాక నేను ధైర్యం చేసి నోటు పెట్టాను. ఆష్‌బీ అనే ఊళ్ళు చాలా ఉన్నందున, ఒక ఊరికీ ఇంకో ఊరికీ సంబంధం లేనందున, పేరు ఒకటైనంత మాత్రాన మనుషులు ఒక ఇంటివాళ్ళు కానక్కర్లేదని, కాబట్టి కరుణకుమారి, సంసోనుల పెళ్ళికి అడ్డు లేదని. ఫైలు మూసేయడానికి అంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

డైరెక్టరుగారు చదివి పక్కన పెట్టారు. "ఊళ్ళు వేరైనను అర్థమొకటే. అర్థమొకటైనచో ఇల్లొకటే."

"అర్థం ఒకటైతే ఇల్లు ఒకటేనాండీ?"

"నిస్సందేహముగా."

ఇంతకీ ఆష్ అంటే మన చెట్లలో ఏదో తేలితే గాని ఆష్‌బీ వారు ఎవరికి బంధువులో తేలదన్నారు. ఉపసంఘం వేశారు. విశ్వవిద్యాలయం నుంచి వృక్షశాస్త్రం ఆచార్యులొకరు వచ్చి, ఆ చెట్టు మన ఊళ్ళలో పెరగదనీ, దాని చుట్టాల్లో మనకు తెలిసినవి మల్లె, పారిజాతమనీ చెప్పారు. అంత పెద్ద చెట్టుకు మల్లెతీగ చుట్టమేమిటని ఒక సభ్యుడు కోపం తెచ్చుకున్నారు. ఇంకొకాయన వేప అన్నారు. వేపని ఎవరికిచ్చినా మా వాళ్ళు ఊరుకోరని వేములపల్లి ఆయన బల్ల గుద్దారు. బజ్జీలు వచ్చాయి, చల్లారాయి, మళ్ళీ వేడివి వచ్చాయి. చివరికి అందరికీ ఆమోదమైన మాట ఒకటి దొరికింది: వృక్షము వృక్షమే.

సర్క్యులర్ నేనే టైపు చేయించాను. చెట్టు పేరూ ఊరి పేరూ కలిసి ఏర్పడిన ఇంటిపేర్లన్నీ 'వృక్షగ్రామ గృహము' అనే ఒకే ఇంటికి చెందును. ఆ ఇంటివారు పరస్పరము సోదరీసోదరులు. ఇది దేశీయ, విదేశీయ ఇంటిపేర్లకు, జరగబోవు, జరిగిన వివాహములకు సమానముగా వర్తించును. నాది ఉప్పులూరి వారి కుటుంబం. ఉప్పు చెట్టుకు కాయదు కాబట్టి నేను బతికిపోయాను.

సంతకానికి పెట్టేటప్పుడు ఉండబట్టలేక అన్నాను, "అయ్యా, తమరి ఇంటిపేరు కూడా..."

"పాలనలో వ్యక్తిగత ప్రస్తావనలు తగవు," అని గీకి పారేశారు.

లాకులపేటకు తిరస్కరణ ఉత్తర్వు వెళ్ళింది. రెండోసారి కరుణకుమారి ఒక్కతే వచ్చింది. చేతిలో సర్క్యులర్ ఉంది. కోప్పడుతుందనుకున్నాను. "ఇంక తిరగనండి," అంది మెల్లగా. "నాకోసం ఆగింది చాలు, ఇంకెవరినన్నా చూసుకోమని సంసోనుతో చెప్పేశానండి. లాకుల మీదకెళ్ళి కూర్చున్నాడండి. అన్నం తినడం లేదంట." కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే నేను చూస్తానని. దరఖాస్తు వెనక్కి తీసుకుని సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు ఆఫీసు మీద పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు.

మర్నాడు పొద్దున్నే ఫైళ్ళతో డైరెక్టరుగారి ఇంటికి వెళ్ళాను. హైమవతిగారు తలుపు తీసి లోపలికి కేకేశారు.

"అన్నయ్యా! మీ సూపరింటెండెంటుగారు వచ్చారు!"

వాళ్ళ అన్నగారెవరో వచ్చారు కాబోలనుకున్నాను. లోపల్నుంచి డైరెక్టరుగారు వచ్చారు. గడ్డం గీసుకోలేదు. చేతిలో కాఫీ గ్లాసు ఉంది, తాగుతున్నట్టు లేదు.

"కూర్చోండి," అన్నారు హైమవతిగారు నాతో. "మీరు పెద్దవారు, మీరే చెప్పండి. ఈయనది రావిపాటి. మా పుట్టింటివారిది తాటిపర్తి. రావి చెట్టు, తాటి చెట్టు. అటూ ఊరే, ఇటూ ఊరే. మండలివారు చెప్పాక కాదనడానికి నేనెవర్ని?" ఫ్రిజ్ మీద సర్క్యులర్ అంటించి ఉంది. 'జరిగిన వివాహములకు' అన్న చోట ఎర్ర గీత ఉంది.

"హైమా, అది ఇతరులను ఉద్దేశించి..."

"ఆ మాట ఇందులో లేదన్నయ్యా."

"పెళ్ళీడుకొచ్చిన కొడుకున్నాడు మనకు!"

"అదే ఆలోచిస్తున్నాను. కొడుకూ అవుతాడు, మేనల్లుడూ అవుతాడు. ఏమని పిలవాలో మండలికి రాసి కనుక్కుంటాను." అని నా వైపు తిరిగి, "లండన్‌లో మట్టి బాగుందటగా?" అన్నారు.

కారులో డైరెక్టరుగారు ఒక ఫైలు తెరిచి మూసేశారు. తరవాత, "నా పడక కూడా హాల్లోకి మార్చేసింది," అన్నారు. ఆయన మామూలు తెలుగు మాట్లాడగా వినడం నాకు అదే మొదలు.

ఆఫీసు చేరేసరికి వరండా అంతా గొడవ. చింతలపాటి వారి పందిళ్ళు ఆగిపోయాయి, వేములపల్లి వారి పెళ్ళిభోజనాలు పాడైపోయాయి, మనవలున్న దంపతులు మా బెంచీల మీద ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. డైరెక్టరుగారు నేరుగా అధ్యక్షులవారి దగ్గరికెళ్ళి సర్క్యులర్ రద్దు చేద్దామన్నారు. అధ్యక్షులవారు శాలువా సర్దుకున్నారు. "మండలి పొరబడదు. పొరబడినట్టు రాస్తే మండలి ఎందుకని అడుగుతారు. కావలిస్తే మినహాయింపు ఇవ్వండి. మినహాయింపుకు పూర్వోదాహరణ కావాలి. చెట్టు పేరు, ఊరి పేరు ఉండి కూడా బంధువులు కారని రుజువైన జంట ఒక్కటి చూపించండి. దాని వెనక మిగతావాళ్ళందరినీ వదిలేద్దాం."

మండలి అంతదూరం వెళ్ళి మూలం విచారించిన జంట రాష్ట్రం మొత్తం మీద ఒక్కటే ఉంది. వాళ్ళ దరఖాస్తేమో కరుణకుమారి సంచీలో ఉంది.

లాకులపేట చేరేసరికి ఎండ మండిపోతోంది. లాకుల మీద సంసోను ఇనప చక్రం తిప్పుతున్నాడు, తలుపుల కింద నుంచి నీళ్ళు హోరుమంటున్నాయి. డైరెక్టరుగారు బూట్లతో గట్టు దిగి అతని పక్కన నిలబడ్డారు. సంసోను చక్రం ఆపలేదు.

"దరఖాస్తును పునఃసమర్పించవలసినదిగా..." అని మొదలెట్టి ఆగిపోయారు డైరెక్టరుగారు. నీళ్ళ చప్పుడులో ఆ భాష వినబడదని ఆయనకే తెలిసిపోయింది.

"కరుణ రానంటందండి," అన్నాడు సంసోను. "నేనేం చెయ్యనండి."

ఎవరో కబురు చెప్పినట్టున్నారు, ఆసుపత్రి నుంచి కరుణకుమారి డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. వెనక సువార్తమ్మ. పేటలోని ఆష్‌బీలు కూడా కొంతమంది గట్టు మీద చేరారు.

"మళ్ళీ ఎందుకొచ్చేరండీ?" అంది కరుణ. "మా అవసరానికా, మీ అవసరానికా?"

డైరెక్టరుగారు కళ్ళజోడు తీశారు. "నా అవసరానికేనమ్మా. మా ఆవిడ నన్ను అన్నయ్యా అంటోంది."

ముందు సువార్తమ్మ నవ్వింది. తరవాత గట్టు మీదివాళ్ళు నవ్వారు. సంసోను చక్రం వదిలేసి పొట్ట పట్టుకున్నాడు. కరుణ నవ్వకూడదని పళ్ళు బిగించింది గాని ఆగలేదు, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. ఎంతకాలం అణుచుకుందో అంతా వచ్చేసింది. తేరుకున్నాక సంసోను వైపు తిరిగింది.

"నిన్ను నేనెప్పుడైనా అన్నయ్యా అన్నానా?"

"లేదు."

"ఇంకెవర్నైనా చూసుకున్నావా?"

"లేదు."

"అయితే సంతకం పెట్టు," అని సంచీలోంచి నలిగిన దరఖాస్తు తీసింది.

ధ్రువపత్రం అక్కడే, లాకుల పిట్టగోడ మీద పెట్టి నేను రాశాను. మూలము అన్న గడి దగ్గర కలం ఆగింది. "ఊరు వెయ్యాలి కదయ్యా," అన్నాను. డైరెక్టరుగారు కాలవ వంక చూశారు. "ఆవిడ చెప్పిందే రాయి," అన్నారు, సువార్తమ్మను చూపిస్తూ. ఇలా రాశాను: 'మూలము: పని. వేర్వేరు చోట్ల నుంచి వచ్చి ఈ కాలవకు మట్టి మోసినవారు. పరస్పర బంధుత్వము: ఇంతవరకు లేదు. ఇకపై ఉండును.' నా సర్వీసంతటిలో నేను రాసిన మంచి వాక్యం అదొక్కటే.

ఇక మిగిలింది డైరెక్టరుగారి సంగతి. పూర్వోదాహరణ దొరికింది కాబట్టి మినహాయింపు కోసం ఆయన కూడా నిబంధన ప్రకారం దరఖాస్తు పెట్టుకున్నారు. దాని మీద భార్య సమ్మతి కావాలి. సంతకం పెట్టమని హైమవతిగారి ముందు కాగితం పెడితే ఆవిడ శ్రద్ధగా చదివి, "ఈ విషయము మా పరిశీలనలో ఉన్నది," అన్నారట. లండన్ టిక్కెట్లు వచ్చేదాకా పరిశీలన సాగేటట్టుంది.

కరుణ, సంసోనుల పెళ్ళికి మమ్మల్నందరినీ పిలిచారు. గుడి నిండా ఆష్‌బీలే. హైమవతిగారు పట్టుచీర కట్టుకుని మొదటి వరసలో కూర్చున్నారు, పక్కన డైరెక్టరుగారు. పాదిరిగారు వాళ్ళ ఆనవాయితీ ప్రకారం పుస్తకం తెరిచి అడిగారు, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే లేచి చెప్పండి."

అలవాటు ఎక్కడికి పోతుంది? డైరెక్టరుగారు లేచి నిలబడ్డారు.

గుడంతా ఆయన వైపు తిరిగింది. కరుణ చెయ్యి సంసోను మోచెయ్యి పట్టుకుంది. హైమవతిగారు తల కూడా తిప్పకుండా ఆయన చొక్కా అంచు పట్టి కిందికి లాగారు.

"కూర్చోండి అన్నయ్యగారూ," అన్నారు.